ట్వెల్వ్ యాంగ్రీ మెన్: సినిమా కాదు, 1954లో టీవీలో వచ్చిన అసలు నాటకం. ఎవరైనా చూశారా?

పాతరీళ్లు
రాత్రి 10:12

అందరికీ నమస్కారం. హెన్రీ ఫోండా నటించిన 1957 నాటి సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. బాసు చటర్జీ హిందీలో తీసిన 'ఏక్ రుకా హువా ఫైసలా' (1986) అయితే దాదాపు అందరూ చూసి ఉంటారు. ఈ రెండింటికీ మూలం ఒక టీవీ నాటకం. అమెరికాలో సీబీఎస్ ఛానెల్‌లో 'స్టూడియో వన్' అని వారానికో కొత్త నాటకం వేసే కార్యక్రమం ఉండేది. మన సీరియల్ లాంటిది కాదు. ఈ వారం కథకీ వచ్చే వారం కథకీ సంబంధం ఉండదు, నటులూ మారిపోతారు, రచయితా మారిపోతాడు. 1954 సెప్టెంబర్ 20, సోమవారం రాత్రి ఆ కార్యక్రమంలో 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' లైవ్‌లో వచ్చింది. రాసింది రెజినాల్డ్ రోజ్. డైరెక్టర్ ఫ్రాంక్లిన్ షాఫ్నర్.

నిడివి సుమారు 50 నిమిషాలు. డీవీడీలో దొరికింది. రెండుసార్లు చూశాను, రెండోసారి నిన్న రాత్రి. నిద్ర పట్టలేదు, అందుకే ఈ పోస్టు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తండ్రిని కత్తితో పొడిచి చంపాడని ఒక పేద కుర్రాడి మీద కేసు. కోర్టులో వాదనలు అయిపోయాయి. పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక గదిలో కూర్చుని ఏకగ్రీవంగా తేల్చాలి. దోషి అంటే మరణశిక్షే. మొదటి ఓటింగ్‌లో పదకొండు మంది దోషి అంటారు. 8వ నంబరు ఒక్కడే కాదంటాడు.

నేను చెప్పదలచుకున్నది ఆ 8వ నంబరు గురించే. సినిమాలో ఫోండా తెల్ల సూట్ వేసుకుని, స్థిమితంగా, అన్నీ ముందే ఆలోచించుకుని వచ్చినట్టు ఉంటాడు. అతను గెలుస్తాడని చూసేవాళ్లకి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. టీవీ నాటకంలో ఆ పాత్ర వేసింది రాబర్ట్ కమ్మింగ్స్. ఎక్కువగా కామెడీలు చేసిన నటుడు. ఇతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంటాడు. మాట మొదలుపెట్టి మధ్యలో తడుముకుంటాడు. కుర్రాడు చంపలేదని అతనికి నమ్మకమేమీ లేదు. చెయ్యెత్తి ఒక మనిషిని చావుకి పంపే ముందు కాసేపు మాట్లాడుకుందాం అంటున్నాడంతే. అంతమంది అరుస్తుంటే భయపడుతూనే తన మాట మీద నిలబడతాడు. నాకు ఈ మనిషే ఎక్కువ నిజం అనిపించాడు.

మీరేమంటారు?

---

గోదారిగట్టు
రాత్రి 10:40

పాతరీళ్లు గారూ, నేనూ చూశాను, ఆన్‌లైన్‌లో. మీతో సగమే ఏకీభవిస్తాను. కమ్మింగ్స్ బాగా చేశాడు, కాదనను. కానీ 50 నిమిషాల్లో పదకొండు మంది మనసు మార్చడం అంటే చాలా హడావిడి. ఒకడు ఇలా అంటాడు, ఇంకొకడు అలా ఓటు మారుస్తాడు. సినిమా 96 నిమిషాలు. అందులో ఒక్కొక్కరు ఎందుకు మారారో మనకి అర్థమవుతుంది. పైగా సినిమాలో 3వ నంబరు లీ జె. కాబ్. కొడుకు ఫొటో చింపేసి ఏడ్చే సీను ముందు ఇంకేదీ నిలబడదు.

---

పాతరీళ్లు
రాత్రి 10:58

హడావిడి ఉంది, ఒప్పుకుంటాను. ముఖ్యంగా రెండో సగంలో. కానీ టీవీ నాటకంలో 3వ నంబరుగా చేసిన ఫ్రాంచో టోన్‌ని తక్కువ చేయకండి. 1935లో 'మ్యూటినీ ఆన్ ది బౌంటీ'కి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్న నటుడు ఆయన. కాబ్ మొదటి నుంచీ ఉరిమే మేఘంలా ఉంటాడు. టోన్ మర్యాదస్తుడిలా మొదలవుతాడు. ఆ మర్యాద ఒక్కొక్క పొరా ఊడిపోతుంటే చూడటం కష్టంగా ఉంటుంది.

---

కెమెరాకన్ను
రాత్రి 11:25

ఈ టాపిక్ చూసి చాలా సంతోషమేసింది. నేను స్టూడియోలో మల్టీకెమెరా పని చేసినవాణ్ణి, ఆ వైపు నుంచి కొంచెం చెప్తాను. ఇది తెలిస్తే 'హడావిడి' అనే మాట మీద అభిప్రాయం మారుతుందేమో.

1954లో వీడియో టేప్ లేదు. ఆంపెక్స్ కంపెనీ టేపు 1956లో గానీ రాలేదు. కాబట్టి నాటకం జరుగుతుండగానే జనం ఇళ్లలో చూస్తున్నారు. నటుడు డైలాగ్ మర్చిపోతే దేశమంతా చూస్తుంది. కట్ లేదు, రెండో టేక్ లేదు. అదే ఏడాది స్టూడియో వన్ ప్రకటనలో ఫ్రిజ్ తలుపు ఎంత లాగినా తెరుచుకోలేదు, అదీ లైవ్‌లోనే. ఆ కార్యక్రమం స్పాన్సర్ వెస్టింగ్‌హౌస్ కంపెనీ. బెట్టీ ఫర్నెస్ అనే ఆవిడ నాటకం మధ్యలో వచ్చి ఫ్రిజ్‌లూ స్టవ్‌లూ చూపించేది. ఆ విరామంలోనే నటులు గుక్కెడు నీళ్లు తాగేది, కెమెరాలు చోటు మార్చుకునేది.

ఇక కెమెరాల సంగతి. అప్పటి స్టూడియో కెమెరా అంటే ఒక బీరువా అనుకోండి. వెనక లావుపాటి కేబుల్. జూమ్ లెన్స్ మామూలుగా ఉండేది కాదు. ముందు వైపు నాలుగు లెన్సులున్న ఒక చక్రం ఉంటుంది. కెమెరామన్ దాన్ని తిప్పి లెన్స్ మార్చాలి. అతని షాట్ ఎయిర్ మీద ఉన్నప్పుడు తిప్పకూడదు, వేరే కెమెరాకి కట్ అయిన రెండు మూడు సెకన్లలో తిప్పేయాలి. ఇలాంటివి మూడు నాలుగు కెమెరాలు, పన్నెండు మంది నటులు, ఒక బల్ల, చిన్న గది. ఒక కెమెరా ఇంకో కెమెరా కంట పడకూడదు. డైరెక్టర్ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని 50 నిమిషాల పాటు ప్రతి కట్టూ అప్పటికప్పుడు పిలవాలి.

అందుకే షాఫ్నర్ పని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ముందు ఒకడి భుజం, దాని పక్క నుంచి రెండో వరసలో ఒక ముఖం, ఆ వెనక గోడ దగ్గర నిలబడి వింటున్న మూడోవాడు. ఒకే ఫ్రేములో ముగ్గురి మనసులు కనిపిస్తాయి. ఈయనే తర్వాత 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' (1968) తీశాడు, 'ప్యాటన్' (1970)కి ఆస్కార్ తీసుకున్నాడు. సినిమా వెర్షన్ తీసిన సిడ్నీ లుమెట్ కూడా లైవ్ టీవీలో పండినవాడే. కాకపోతే ఆయనకి ఒక్కొక్క షాట్ విడిగా తీసుకునే వీలు దొరికింది. కథ ముందుకెళ్లేకొద్దీ కెమెరాని కిందికి దించుతూ, లెన్సులు పొడవు పెంచుతూ, చివరికి గది కప్పు నెత్తి మీదకి వచ్చినట్టు చేశాడు. లైవ్‌లో అంత పథకం సాధ్యం కాదు. అయినా ఉక్కపోత రెండింటిలోనూ ఉంది. టీవీ వాళ్లకి స్టూడియో లైట్ల వేడి కూడా తోడైంది.

---

నాటికల నాగమణి
ఉదయం 6:05

కెమెరాకన్ను గారూ, మీ పోస్టు పొద్దున్నే చదివి కాఫీ చల్లారబెట్టుకున్నాను. నేను రాజమండ్రిలో ఇరవై ఏళ్లుగా పరిషత్తు నాటికలు చేస్తున్నాను. నాకు ఎప్పటి నుంచో ఒక చిక్కు ఉంది. బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుంటే స్టేజీ మీద సగంమంది వీపులే కనిపిస్తాయి. అందుకని అందరినీ అర్ధచంద్రాకారంలో కూర్చోబెడతాం, అప్పుడు అది గదిలా ఉండదు, గ్రూప్ ఫొటోలా ఉంటుంది. టీవీలో ఈ సమస్య ఎలా దాటారు? గోడలకి కన్నాలు పెట్టారా?

---

కెమెరాకన్ను
ఉదయం 8:30

మేడమ్, దాదాపు అంతే. స్టూడియో సెట్లలో గోడ ముక్కలు కదిలేలా కడతారు. ఈ వైపు నుంచి షాట్ కావాలంటే ఈ గోడ పక్కకి లాగుతారు, అటు తిరిగేసరికి మళ్లీ పెట్టేస్తారు. చూసేవాడికి నాలుగు గోడలూ ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది. మీకు స్టేజీ మీద ఆ వీలు లేదు. కానీ వీపుని చూసి భయపడకండి. షాఫ్నర్ చాలాసార్లు వీపులనే వాడుకున్నాడు. మాట్లాడేవాడి వీపు, వినేవాడి ముఖం. ఈ నాటకమంతా వినేవాళ్లదే కదా.

---

గోదారిగట్టు
ఉదయం 9:10

'ఈ నాటకమంతా వినేవాళ్లది.' ఈ మాట బాగుంది అన్నా. సాయంత్రం మళ్లీ చూస్తాను.

ఒక సందేహం. రికార్డింగే లేనప్పుడు మనం ఎలా చూస్తున్నాం?

---

పాతరీళ్లు
ఉదయం 11:45

ఇది నాకు ఇష్టమైన భాగం, నేను చెప్తాను.

దాన్ని కినెస్కోప్ అంటారు. టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి, తెర మీద నడుస్తున్నదాన్ని ఫిల్మ్ మీదకి తీయడం. అందుకే బొమ్మ మసకగా, అంచులు వంగినట్టు ఉంటుంది. ప్రసారం అయ్యాక వీటిని భద్రంగా దాచాలని చాలామందికి తోచలేదు. ట్వెల్వ్ యాంగ్రీ మెన్‌కి కూడా చాలా ఏళ్ల పాటు మొదటి సగమే దొరికేది. రెండో సగం పోయిందనే అనుకున్నారు. ఆలోచించండి, ఆ ఏడాది ఎమ్మీల్లో (టీవీకి ఆస్కార్లు అనుకోండి) రచనకి రోజ్‌కి, దర్శకత్వానికి షాఫ్నర్‌కి, నటనకి కమ్మింగ్స్‌కి, మూడు అవార్డులు వచ్చిన నాటకం సగం మాయమైపోయింది.

2003లో మొత్తం కాపీ ఒకటి బయటపడింది. ఎక్కడో తెలుసా? శామ్యూల్ లీబోవిట్జ్ అనే పేరున్న డిఫెన్స్ లాయర్ కుటుంబం దగ్గర. 1930లలో అలబామాలో స్కాట్స్‌బరో కేసు అని ఒకటి జరిగింది. తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద అబద్ధపు అత్యాచార ఆరోపణ, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీలు, మరణశిక్షలు. ఆ కుర్రాళ్ల తరఫున వాదించింది ఈ లీబోవిట్జే. తర్వాత జడ్జి కూడా అయ్యాడు. ఆయన చనిపోయిన పాతికేళ్లకి ఆయన వస్తువుల్లో ఈ ఫిల్మ్ దొరికింది. పోయిందనుకున్న నాటకం ఇన్నాళ్లూ ఆ మనిషి ఇంట్లో ఉండటం తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

---

ఓరుగల్లు వకీల్
మధ్యాహ్నం 1:20

లాయర్లు, జ్యూరీ అనే మాటలు వినిపించినయి కాబట్టి వచ్చిన. నేను వరంగల్‌లో ప్రాక్టీస్ చేస్తాను, ఎక్కువగా క్రిమినల్ కేసులే.

నాటకం గొప్పదే. కానీ లాయర్‌గా నాకొక అభ్యంతరం ఉన్నది. 8వ నంబరు ఆ పేటకి పోయి, హత్యలో వాడిన కత్తి లాంటిదే ఇంకొకటి కొనుక్కొచ్చి బల్ల మీద గుచ్చుతడు. సీను అదిరిపోతది. కానీ జ్యూరీ సభ్యుడు సొంతంగా సాక్ష్యం సేకరించడం తప్పు. కోర్టులో రెండు పక్షాలూ పరీక్షించిన సాక్ష్యం మీదనే తీర్పు ఉండాలె. ఆ సంగతి బయటికి తెలిస్తే ఆ విచారణే రద్దయ్యే ప్రమాదం ఉంటది. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి సోనియా సోటోమయోర్ కాలేజీ రోజుల్లో ఈ సినిమా చూసే లా వైపు రావాలన్న ఉత్సాహం పెరిగిందని చెప్పారు. అదే ఆమె, కింది కోర్టులో జడ్జిగా ఉన్నప్పుడు, ఈ సినిమాలో చేసినట్టు చేయొద్దని జ్యూరీలకు చెప్పేదాన్నని కూడా అన్నారు. రెండు మాటలూ నిజమే అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. మన దేశంలో కూడా జ్యూరీ ఉండేది. కానీ ఇక్కడ ఏకగ్రీవం అవసరం లేదు, మెజారిటీ చాలు. 1959లో బొంబాయిలో నానావతి కేసు విచారణ జరిగింది. నేవీ ఆఫీసర్ తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసు. జ్యూరీ 8–1తో నిర్దోషి అన్నది. జడ్జి ఒప్పుకోలే, హైకోర్టుకు పంపిండు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ కేసుతోనే జ్యూరీ ఒక్కసారిగా పోయిందని చాలామంది రాస్తరు, అది సరికాదు. అప్పటికే కొన్ని రాష్ట్రాల్లో తీసేస్తూ వచ్చిన్రు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి పూర్తిగా పోయింది. ఇప్పుడు పార్సీల వివాహ కేసుల్లో మాత్రం డెలిగేట్లు అని ఆ పద్ధతి గుర్తు ఒకటి మిగిలింది.

అంటే మన పాత పద్ధతి ప్రకారం అయితే ఈ నాటకం మొదటి ఓటింగ్‌లోనే అయిపోయేది. 11–1. ఇంటికి పోవచ్చు.

---

పాతరీళ్లు
మధ్యాహ్నం 1:55

వకీల్ గారూ, ఆ చివరి వాక్యం చదివి కాసేపు అలా ఉండిపోయాను. ఏకగ్రీవం అన్న ఒక్క నిబంధన లేకపోతే 8వ నంబరు ఎంత మంచివాడైనా ఏమీ చేయలేడన్నమాట.

---

డల్లాస్ సుధ
రాత్రి 8:15

నేను ఇక్కడ పౌరసత్వం తీసుకున్నాక జ్యూరీ డ్యూటీ చేశాను. ఒక్కసారే, చిన్న కేసు. తాగి బండి నడిపాడని ఒకతని మీద ఆరోపణ. టెక్సస్‌లో అలాంటి చిన్న కేసులకి ఆరుగురే జ్యూరీ. మాకూ ఏకగ్రీవం కావాలి.

లోపలికి వెళ్లేముందు నాకు టెన్షన్. నా ఉచ్చారణ విని ఏమనుకుంటారో అని. గదిలో కూర్చోగానే ఒకాయన వాచీ చూసుకుని, తేలిక కేసే కదా, ఓటేసేసి భోజనానికి వెళ్దాం అన్నాడు. అచ్చం సినిమాలో 7వ నంబరుకి బేస్‌బాల్ తొందర ఉన్నట్టే. నలుగురు దోషి అన్నారు. నేనూ ఇంకొకావిడా ఇంకా తెలీదు అన్నాం. ఆ 'తెలీదు' అనడానికి నాకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో చెప్పలేను. వీడియో మళ్లీ చూపించమని అడిగాం. మూడు గంటలు మాట్లాడుకున్నాం. చివరికి అందరం దోషి అనే తేల్చాం, వీడియో చూశాక నాకు అనుమానం మిగల్లేదు. కానీ ఆ మూడు గంటలూ అవసరమే అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే పాతరీళ్లు గారు కమ్మింగ్స్ గురించి రాసింది నాకు బాగా తగిలింది. నిజంగా ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరూ ఫోండాలా ఉండరు. చేతులు వణుకుతాయి.

రెజినాల్డ్ రోజ్ కూడా 1954లోనే న్యూయార్క్‌లో ఒక మరణానికి సంబంధించిన కేసులో జ్యూరీలో కూర్చున్నాడు. ఎనిమిది గంటల పాటు గదిలో భయంకరంగా వాదించుకున్నామని తర్వాత చెప్పుకున్నాడు. నాటకం అక్కడే పుట్టింది. మూడు గంటలకే నాకు తల తిరిగింది, ఎనిమిది గంటలు ఊహించలేను.

---

గోదారిగట్టు
రాత్రి 9:30

సుధ గారూ, మీ అనుభవం చదివాక మళ్లీ చూశాను. కమ్మింగ్స్ విషయంలో పాతరీళ్లు గారిదే నిజం. ముఖ్యంగా రహస్య ఓటింగ్ సీను. మీరు పదకొండు మందీ చీటీల మీద దోషి అని రాస్తే నేనూ మీతో వచ్చేస్తాను అంటాడు కదా. ఫోండా ఆ మాట అన్నప్పుడు అది ఎత్తుగడలా అనిపిస్తుంది. కమ్మింగ్స్ అన్నప్పుడు, ఒక్క చీటీ కూడా మారకపోతే ఇతను నిజంగానే చేతులెత్తేస్తాడు, కుర్రాడి ప్రాణం పోతుంది అనిపించింది. ఆ చీటీలు విప్పుతుంటే, కథ తెలిసి కూడా, నేను ఊపిరి బిగబట్టాను.

సినిమాయే గొప్పదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

---

పాతరీళ్లు
రాత్రి 9:42

తీసుకోవద్దు. రెండూ ఉండాలి.

ఆ చీటీ రాసిన ముసలాయన 9వ నంబరు, జోసెఫ్ స్వీనీ. 11వ నంబరు, యూరప్ నుంచి వచ్చిన శరణార్థి, జార్జ్ వోస్కోవెట్స్. టీవీలోంచి సినిమాలోకి అవే పాత్రలతో వెళ్లింది ఈ ఇద్దరే. వోస్కోవెట్స్ గురించి తెలిశాక అతని సీన్లు మామూలుగా చూడలేకపోతున్నాను. ప్రాగ్‌లో నాటకరంగంలో పెద్ద పేరు, నాజీలను ఎగతాళి చేసే నాటకాలు వేసి దేశం వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 1950లో అమెరికాకి తిరిగి వస్తుంటే కమ్యూనిస్టు సానుభూతిపరుడేమో అన్న అనుమానంతో ఎల్లిస్ ఐలండ్‌లో నెలల తరబడి నిర్బంధించారు. అనుమానం మీద బంధించిన మనిషి, మూడు నాలుగేళ్లకి, ఒక మనిషిని అనుమానం మీద చంపొద్దని చెప్పే గదిలో కూర్చుని నటించాడు.

తేదీలు కూడా చూడండి. కమ్యూనిస్టులంటూ మనుషుల వెంటపడిన సెనేటర్ మెకార్తీ విచారణలు 1954 ఏప్రిల్ నుంచి జూన్ దాకా టీవీలో వచ్చాయి. నాటకం సెప్టెంబర్‌లో. సెనేట్ మెకార్తీని అభిశంసించింది డిసెంబర్‌లో. ఎవరి మీదైనా వేలు చూపిస్తే చాలు, ఉద్యోగం పోయే కాలం అది.

---

నాటికల నాగమణి
రాత్రి 10:20

నాకు ఇంకో సంగతి పట్టుకుంది. 10వ నంబరు ఊగిపోతూ మాట్లాడతాడు కదా, 'వాళ్లంతా' అలాంటివాళ్లే, 'వాళ్లకి' ప్రాణం విలువ తెలీదు అంటూ. ఎవరు వాళ్లు? కుర్రాడిది ఏ జాతో, ఏ మతమో నాటకంలో ఎక్కడా చెప్పలేదు. నేను రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

---

పాతరీళ్లు
రాత్రి 10:51

మేడమ్, సరిగ్గా పట్టుకున్నారు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. అదే 1954 మార్చిలో రోజ్ ఇదే స్టూడియో వన్‌కి 'థండర్ ఆన్ సైకమోర్ స్ట్రీట్' అని ఇంకో నాటకం రాశాడు. తెల్లవాళ్ల వీధిలోకి ఒక నల్లజాతి కుటుంబం వస్తే వాళ్లని తరిమేయాలని చుట్టుపక్కలవాళ్లు గుంపుగా బయల్దేరడం అసలు కథ. దక్షిణాది రాష్ట్రాల ప్రేక్షకులు ఏమంటారో అని స్పాన్సర్, ఛానెల్ ఒప్పుకోలేదు. ఆ పాత్రని జైలు నుంచి విడుదలైన మనిషిగా మార్చాల్సి వచ్చింది. రోజ్ తెలివిగా ఏం చేశాడంటే, ఆ మనిషిని ఎందుకు తరుముతున్నారో నాటకం చివరిదాకా చెప్పలేదు. చూసేవాళ్లు తమకి తోచింది ఊహించుకున్నారు.

ఆరు నెలల తర్వాత ట్వెల్వ్ యాంగ్రీ మెన్‌లో మళ్లీ అదే ఖాళీ. భయపడి వదిలేశాడో, కావాలని వదిలాడో నేను తీర్పు చెప్పను. ఫలితం మాత్రం మన ముందుంది. ఆ 'వాళ్లు' అన్న మాటలో ఏ ఊరివాడు ఆ ఊరి మనుషుల్ని పెట్టుకుంటాడు. అందుకే హిందీలోకి వచ్చినప్పుడు కథ కుదేలవలేదు.

---

ఓరుగల్లు వకీల్
రాత్రి 11:05

హిందీ దాంట్లో 9వ నంబరు ముసలాయన అన్నూ కపూర్. అప్పటికి ఆయనకి ముప్పై ఏండ్లు. 3వ నంబరు పంకజ్ కపూర్. ఆ ఇద్దరి కోసమే నేను మూడుసార్లు చూసిన.

'వాళ్లు' గురించి మేడమ్ చెప్పింది మాత్రం మనసులో ఉండిపోయింది. మా కోర్టు వరండాలో రోజూ వినే మాట అది. ఫలానా తండా పిల్లలు, ఫలానా బస్తీ పిల్లలు. కేసు నంబరు కూడా చూడకముందే.

---

కెమెరాకన్ను
రాత్రి 11:40

10వ నంబరు వేసిన ఎడ్వర్డ్ ఆర్నాల్డ్ 1930లలో పెద్ద సినిమా నటుడు. ఈ నాటకం తర్వాత రెండేళ్లు కూడా బతకలేదు. ఆ ప్రసంగం సీనులో ఒక్కొక్కరూ అతని నుంచి ముఖం తిప్పుకుంటారు చూడండి. సినిమాలో ఆ సీనుని లుమెట్ దూరం నుంచి చూపిస్తాడు, అందరూ బల్ల వదిలి వెళ్లిపోవడం ఒకే ఫ్రేములో. అది నేర్పుతో కట్టిన షాట్. టీవీలో మాత్రం ఆర్నాల్డ్ ముఖం మన గదిలోకే వచ్చేస్తుంది. 1954లో చిన్న తెర ముందు కుటుంబంతో కూర్చున్నవాళ్లకి, సొంత బంధువు ఎవరో అలా మాట్లాడుతున్నట్టు అనిపించి ఉండాలి. అంత దగ్గర.

---

డల్లాస్ సుధ
రాత్రి 12:10

ఇలాంటి నాటకాలు వారం వారం వచ్చేవంటే నమ్మశక్యంగా లేదు. ఎందుకు ఆగిపోయాయి?

---

కెమెరాకన్ను
ఉదయం 7:50

ఒక్క కారణం కాదు సుధ గారూ. క్విజ్ షోలు వచ్చాయి, వాటికి జనం విరగబడ్డారు. ఫిల్మ్ మీద తీసిన కౌబాయ్ సీరియళ్లు వచ్చాయి, వాటిని మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. లైవ్ నాటకం ఒకసారి వేస్తే అయిపోయింది. 1955 జనవరిలో వేరే కార్యక్రమంలో 'ప్యాటర్న్స్' అనే నాటకం బాగా పేలింది. మళ్లీ వేయమని అడిగితే టేపు లేదు కదా, నటులందరినీ పిలిచి ఫిబ్రవరిలో మొత్తం నాటకం మళ్లీ లైవ్‌లో ఆడారు. వ్యాపారానికి అది గిట్టుబాటు కాదు. స్టూడియో వన్ 1958 మొదట్లో న్యూయార్క్ వదిలి హాలీవుడ్‌కి మారింది, ఆ ఏడాదే ఆగిపోయింది. పదేళ్లు నడిచింది.

---

నాటికల నాగమణి
రాత్రి 9:05

రెండు రోజులుగా ఈ చర్చ బుర్రలో తిరుగుతోంది. నిన్న మా సమాజం వాళ్లతో కూర్చున్నాను. ఒక నిర్ణయానికి వచ్చాం, మీ సలహా కావాలి.

ట్వెల్వ్ యాంగ్రీ మెన్‌ని తెలుగులోకి దింపడం లేదు. వకీల్ గారు చెప్పినట్టు మనకి జ్యూరీ లేదు, ఉన్నట్టు రాస్తే జనం నమ్మరు. రచ్చబండ పెడదామా అనుకున్నాం, కానీ రచ్చబండ అందరి ముందూ జరుగుతుంది, ఇక్కడ తలుపులు మూసి ఉండాలి. చివరికి దొరికిన గది అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగు. ఒక ఫ్లాట్‌లో బంగారు గాజులు పోయాయి. వాచ్‌మన్ కొడుకు మీద అనుమానం. ఆ కుటుంబాన్ని రాత్రికి రాత్రే ఖాళీ చేయించాలని తీర్మానం రాసి ఉంది, అందరూ సంతకం పెడితే చాలు. ఎనిమిది మంది, పన్నెండు మందిని మేము పోషించలేము. ఏడు సంతకాలు పడ్డాయి. ఎనిమిదోది పడలేదు. ఆ ఎనిమిదో మనిషి ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఆవిడకి కూడా పిల్లవాడు తీయలేదన్న నమ్మకం లేదు. కమ్మింగ్స్‌లా ఉండాలని నటికి చెప్పాను, డీవీడీ కూడా చూపిస్తున్నాను.

వకీల్ గారూ, ఆవిడ సొంతంగా వెళ్లి ఏదీ కొనుక్కురాదు, మాట ఇస్తున్నాను.

వీపుల సమస్యకి, బల్ల మధ్యలో వేసి జనాన్ని నాలుగు వైపులా కూర్చోబెడదాం అనుకుంటున్నాం. పరిషత్తుల్లో కుదరదు, కాబట్టి ముందు మా వీధిలోని కల్యాణమండపంలో వేస్తాం. ఎటు కూర్చున్నవాళ్లకి అటు కొందరి ముఖాలు, కొందరి వీపులు.

---

కెమెరాకన్ను
రాత్రి 9:21

అద్భుతం మేడమ్. ఒక్కటే చెప్తాను. టీచరమ్మని తలుపుకి దూరంగా కూర్చోబెట్టండి. వెళ్లిపోవాలంటే మిగతా ఏడుగురి పక్క నుంచీ నడిచి వెళ్లాలి.

---

ఓరుగల్లు వకీల్
రాత్రి 9:34

తేదీ చెప్పండి మేడమ్, వరంగల్ నుంచి వస్తాను. తీర్మానం కాగితం బల్ల మీద చివరిదాకా అందరికీ కనిపించేటట్టు ఉంచండి. పెన్ను దాని మీదనే ఉండాలె.

---

నాటికల నాగమణి
రాత్రి 9:40

రాసుకున్నాను. పెన్ను మూత తీసే ఉంటుంది.